సముద్రం మేకుకు వేలాడిన బిళ్ళ

పోయిన వారం మనం పెద్దమ్మాయిని వదిలి వచ్చేసరికి ఆమె చేతిలో టీ కప్పు లేదు. అది వరండా మెట్టు మీద నాలుగు ముక్కలై పడి ఉంది. లాడ్జి నాలుగో గదిలో దిగిన రిటైర్డ్ కండక్టరు గారు, తొమ్మిదేళ్ళుగా సముద్రం మేకుకు వేలాడుతున్న ఆకుపచ్చ పిట్ట బొమ్మ బిళ్ళని వేలితో చూపించి, "ఈ బొమ్మ కుట్టిన సంచీ పట్టుకుని ఒకమ్మాయి నా బస్సెక్కిందండీ" అన్నాడు. ఆ రూట్లో బస్సు ఆపేసిన రోజది. ఆయనకి తేదీ గుర్తుంది. పెద్దమ్మాయికీ గుర్తుంది. ఆమె చెల్లెలు పిట్ట సముద్రంలో పోయిందని ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి ఏడ్చిన రోజది.

ఆ మేకు ఉన్న పలక సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. లాడ్జి ముందు గదిలో తలుపు పక్కన ఒక చెక్క పలక ఉంటుంది. పైన రెండు పెద్ద మేకులు. ఎడమ దాని కింద 'అడవి' అనీ, కుడి దాని కింద 'సముద్రం' అనీ రాసి ఉంటుంది. కింద వరసలో చిన్న కొక్కేలకు చెక్క బిళ్ళలు. అతిథులవి గది నంబర్లవి, ఇంటివాళ్ళవి బొమ్మలవి. పెద్దమ్మాయిది లాంతరు. వంటింటి పిన్నిది గరిటె. పిట్టది పేరుకు తగ్గట్టు పిట్ట. ఇల్లు దాటి వెళ్ళేవాళ్ళు ఎటు వెళ్తే ఆ మేకుకు తమ బిళ్ళ తగిలించి వెళ్ళాలి. తిరిగొచ్చాక తీసి కొక్కేనికి పెట్టాలి. లాడ్జి కట్టిన కొత్తలో ఒక అతిథి కనిపించకపోతే రెండు రోజులు అడవంతా గాలించారు. మూడో రోజు ఆయన రాళ్ళ ఒడ్డున కాలు విరిగి పడి ఉన్నాడు. అప్పుడు పెద్దమ్మాయి నాన్న పెట్టిన నియమం ఇది. ఆ ఇంట్లో మనుషుల మధ్య అబద్ధాలు నడిచాయేమో గానీ పలక మీద మాత్రం ఎప్పుడూ నడవలేదు. నడవలేదనే అందరూ అనుకున్నారు.

కండక్టరు గారు మోకాళ్ళ మీద కూర్చుని పింగాణీ ముక్కలు ఏరుతున్నాడు.

"మీరు లేవండి, నేను ఊడుస్తాను" అంది పెద్దమ్మాయి. అందే గానీ కదల్లేదు.

"పర్లేదమ్మా. పగిలినవి ఏరడం నాకు అలవాటే. బస్సులో రోజుకో సీసా పగిలేది."

"ఆ అమ్మాయి మీతో ఏమైనా మాట్లాడిందా?"

ఆయన ఏరిన ముక్కలు మెట్టు మీద పెట్టాడు. మనిషి కూర్చున్నా నిలబడ్డా పైనున్న కమ్మీ పట్టుకున్నట్టే ఒక చెయ్యి కొంచెం గాల్లో ఉంచుతాడు. ఇప్పుడు ఆ చెయ్యి కూడా దిగిపోయింది.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసమ్మా. ఎక్కిన ప్రతివాళ్ళనీ గుర్తుపెట్టుకుంటే పిచ్చెక్కుతుంది. కానీ ఆ పిల్లని మర్చిపోలేదు. పొద్దున ట్రిప్పులో వచ్చేసరికి అడవి స్టాప్‌లో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. అక్కడ ఎవరూ ఎక్కరు. చెయ్యి కూడా ఎత్తలేదు. అయినా ఆపించాను. వస్తావా అమ్మా అన్నా. లేదండీ, మా వాళ్ళొస్తారు అంది."

పెద్దమ్మాయి వరండా స్తంభం పట్టుకుంది.

"మధ్యాహ్నం ట్రిప్పుకీ అక్కడే ఉంది. మళ్ళీ అదే మాట. మా డ్రైవరు నవ్వాడు కూడా, ఈ పిల్లకి బస్సు కాదురా కావాల్సింది, కబుర్లు చెప్పడానికి మనం కావాలి అని. సాయంత్రం ట్రిప్పుకి మాత్రం ఆపీ ఆపగానే లేచి ఎక్కేసింది. మీ వాళ్ళేరీ అన్నాను. నా నోరు పడిపోను, ఎందుకడిగానో. రారండీ అంది. ఎక్కడికివ్వమంటావు టికెట్ అంటే, మీ బస్సు ఆఖర్న ఎక్కడ ఆగితే అక్కడికి అంది."

"ఏడ్చిందా?"

"లేదమ్మా. ఏడిస్తే నేనే దింపేసి ఇంటికి పంపేవాణ్ణి."

ఆయన ముక్కల్ని పాత కాగితంలో చుట్టి, మాట మార్చడానికన్నట్టు బస్సు గురించి చెప్పాడు. పోయిన నెల నుంచి ఆ రూట్లో మళ్ళీ వేశారు. తనూ అందులోనే వచ్చాడు. సాయంత్రం బస్సు టైము కూడా మార్చలేదు. వంతెన దగ్గర పొడుగ్గా ఒక హారన్ కొట్టే పద్ధతీ మానలేదు. "హారన్ పడ్డాక స్టాప్‌కి పావుగంట పడుతుందమ్మా. చుట్టూ తిరిగి రావాలి కదా. ఆ పావుగంటలో పరిగెత్తుకొచ్చేవాళ్ళు పరిగెత్తుకొస్తారని పాతకాలం వాళ్ళు పెట్టారు."

లాడ్జి నుంచి ఆ స్టాప్‌కి అడవి బాటన నడిస్తే ఇరవై ఐదు నిమిషాలు. పెద్దమ్మాయికి ఆ లెక్క ఎందుకు గుర్తొచ్చిందో ఆమెకే తెలియదు.

"నా మొహం మీకు కాసేపు కనపడకుండా ఉంటేనే మంచిది" అని ఆయన లోపలికి వెళ్ళి, నాలుగో నంబరు బిళ్ళ సముద్రం మేకుకు తగిలించాడు. పిట్ట బిళ్ళకి తగలకుండా, నిద్రపోయే పిల్ల పక్కన సర్దుకున్నట్టు తగిలించాడు. గడప దాటబోతూ, ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి గదంతా ఒకసారి చూశాడు, ఇంకా ఎవరైనా మిగిలిపోయారా అన్నట్టు. ఎవరూ లేరు. సీజను అయిపోయింది. రెండో గదిలో దంపతులు నిన్ననే ఖాళీ చేశారు.

వంటింట్లో పిన్ని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఒక్కో దుంప తొక్కనీ తెగకుండా ఒకే పొడుగాటి రిబ్బనులా తియ్యడం ఆమె గొప్ప. డెబ్భై దాటినా చెయ్యి వణకదు. మోకాలే మొరాయించింది. మూడేళ్ళుగా పెరడు దాటలేదు.

"ఏది పగిలింది? నీలం కప్పేనా?" అంది తలెత్తకుండా.

"పిన్నీ."

"నీలందే అయ్యుంటుంది. ఈ ఇంట్లో గతి లేనివన్నీ గట్టిగా ఉంటాయి. బావున్నవే పగులుతాయి."

"ఆ రోజు పిట్ట బిళ్ళ ఏ మేకుకు ఉంది?"

చాకు ఆగలేదు. "సముద్రం మేకుకి. లోకమంతా చూసిందిగా."

"లోకం చూడకముందు?"

చాకు ఆగింది. తొక్క తెగింది. తెగిన ముక్కని పిన్ని దుంపకి మళ్ళీ అతికిద్దామన్నట్టు ఒత్తి చూసి, బేసిన్లో వదిలేసింది.

"ఆ పొద్దున నాన్న రేకుల కోసం పట్నం వెళ్ళాడు" అంది పెద్దమ్మాయి. "నేను వాగు దగ్గర దుప్పట్లు ఉతుకుతున్నాను. అతిథులెవరూ లేరు. ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివి. మధ్యాహ్నం నేనొచ్చాక, పిట్ట ఇంకా రాలేదే అంటే, సముద్రం మేకు చూడు అన్నది నువ్వు."

"ఎవరు చెప్పారు నీకు?"

"అంటే నిజమే."

పిన్ని చాకు పక్కన పెట్టి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుస్తూనే ఉంది.

"కిటికీలోంచి చూశానే. సంచీ భుజాన వేసుకుని అడవి బాటన పోతోంది. నేను కుట్టిచ్చిన సంచీనే. ముందు గదిలోకి వచ్చి చూద్దును కదా, బిళ్ళ అడవి మేకుకి తగిలించి ఉంది! ఇంట్లోంచి పారిపోతూ కూడా ఎటు పోతోందో రాసిపెట్టి పోయే పిచ్చిది ఎక్కడైనా ఉంటుందా? మీ నాన్న పట్నం నుంచి వచ్చి అది చూస్తే? గంటలో జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చేవాడు. నర్సు చదువు చదువుకుంటానంటే ముందు రోజు రాత్రి ఎంత మాటన్నాడు! గేటు దాటితే నువ్వు చచ్చినదానితో సమానం అన్నాడా లేదా?"

"అన్నాడు."

"అందుకని మార్చాను. సాయంత్రం దాకా చాలనుకున్నా. అది బస్సెక్కి పట్నం చేరిపోతుంది, అప్పుడు చెబుదాం, కోపమొస్తే నా మీద అరుస్తాడు, నాకేం కొత్తా అనుకున్నా. ఒక్క పూట అబద్ధం, అంతేనే తల్లీ. ఒక్క పూట."

"తొమ్మిదేళ్ళు, పిన్నీ."

"నాకు తెలీదా ఎన్నేళ్ళో! సాయంత్రం చెబుదామని ఒడ్డుకొచ్చాను. అప్పటికే మీ నాన్న పీకల్లోతు నీళ్ళలోకి పోతే పడవవాళ్ళు మోసుకొచ్చారు. ఇసకలో పడుకోబెట్టారు. నోట్లోంచి నీళ్ళొస్తున్నాయి, పిట్ట పేరూ వస్తోంది. ఆ మనిషి ముఖం మీద వంగి ఎలా చెప్పను, నీ కూతురు మునగలేదు, బస్సెక్కింది అని? రేపు చెబుదామనుకున్నా. రేపటికి ఆ చెప్పు దొరికింది."

ఆ చెప్పు పెద్దమ్మాయికి గుర్తుంది. అల కొట్టుకొచ్చిన ఒంటి చెప్పు. మగవాళ్ళ కొలత. అయినా నాన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇది నా బిడ్డదే అన్నాడు. కాదనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. ఆ తర్వాత పది నెలలు ఆయన రోజూ సాయంత్రం ఆ ఒడ్డున కూర్చున్నాడు. పదకొండో నెలలో కూర్చోవడానికి ఆయన లేడు.

"ఉత్తరం రాస్తుందనుకున్నానే" అంది పిన్ని. "ఉత్తరమొస్తే దాంతో పాటు నిజం కూడా దానంతటదే ఇంట్లోకి వస్తుంది, నేను చెప్పక్కర్లేదు అనుకున్నా."

పోస్టు సైకిలు బెల్లు వినగానే ఈ మోకాలితోనే అందరికన్నా ముందు గేటు దగ్గరికి పరిగెత్తే పిన్నిని పెద్దమ్మాయి ఎన్నిసార్లు వెక్కిరించింది! నీకెవరు రాస్తారే పిన్నీ, ఈ వయసులో ప్రేమలేఖలా అని.

"ఎందుకు రాస్తుంది ఉత్తరం?" పెద్దమ్మాయి గొంతు పెద్దదైంది. "పొద్దున బస్సు వచ్చింది. ఎక్కలేదు. మధ్యాహ్నం బస్సు వచ్చింది. ఎక్కలేదు. మా వాళ్ళొస్తారు అందిట. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ సిమెంటు బల్ల మీద కూర్చుని మన కోసం చూసిందిట. అది పారిపోలేదు పిన్నీ. అలిగింది. ఎటు వెళ్ళిందో రాసిపెట్టి వెళ్ళింది పిచ్చిదై కాదు. మనం వెనకాల రావాలని."

ముక్కాలి పీట మీద ఉన్న పిన్ని ఇంకా కిందికి కుంగినట్టయింది.

"పొద్దున బస్సెక్కేసింది కదా..." అంది, ఎవరో తన చేతిలోంచి వస్తువు లాక్కుంటుంటే గట్టిగా పట్టుకున్నట్టు. "పొద్దున బస్సుకే వెళ్ళిపోయింది కదే..."

"లేదు."

పిన్ని తలెత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. గొంతులో మాత్రం పదును వచ్చింది, దెబ్బ తగిలినవాళ్ళకి వచ్చే పదును.

"నన్నంటున్నావు సరే. ముందు రోజు రాత్రి మీ నాన్న అరుస్తుంటే అది ఎవరి వైపు చూసింది? నీ వైపు చూసింది. అక్కా, నువ్వు చెప్పు అంది. నువ్వేం చేశావు? దుప్పట్లు మడతపెడుతూ కూర్చున్నావు. ఒక్క మాట మాట్లాడావా? నేను కనీసం చెయ్యి ఆడించాను. తప్పుగా ఆడించానేమో. నువ్వు అదీ చెయ్యలేదు."

నిజం కాబట్టి తట్టుకోలేకపోయింది పెద్దమ్మాయి. తట్టుకోలేక, అనకూడని మాట అంది.

"నాన్నని చంపింది దిగులు కాదు. నీ చెయ్యి."

పిన్ని తన కుడిచేతి వైపు చూసుకుంది. బోర్లించి ఒకసారి, వెల్లకిలా తిప్పి ఒకసారి. "ఆ సముద్రం నన్ను తీసుకెళ్ళినా బావుండేది" అంది మెల్లిగా.

పెద్దమ్మాయి వినీ విననట్టు మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

పైన ఆరు గదులు. మూడింటికి సముద్రం వైపు కిటికీలు, మూడింటికి అడవి వైపు. ఆమె ఎవరూ పడుకోని మంచాల మీద దుప్పట్లు తీసి, దులిపి, మళ్ళీ అవే పరిచింది. మడతల్లోంచి ఇసక రాలింది. ఎన్నిసార్లు దులిపినా ఈ ఇంట్లో దుప్పట్లలో ఎంతో కొంత ఇసక మిగులుతుంది.

అడవి వైపు మూలగదిలో చాలా కాలంగా తీయని కిటికీ తీసింది. నిటారుగా నిలబడ్డ చెట్లు, వాటి కింద ఎర్రమట్టి బాట. సముద్రపు గాలి ఇంటి మీదుగా వచ్చి చెట్లలోకి దూరుతోంది. ఆ రోజు కూడా గాలి ఇటే వీచి ఉంటుంది. ఒడ్డున ఎంతమంది అరిచారు పిట్టా, పిట్టా అని! పడవల్లోంచి అరిచారు, రాళ్ళెక్కి అరిచారు. అందరూ నీళ్ళ వైపు తిరిగే అరిచారు. ఆ పిలుపుల్లో ఒక్కటైనా గాలికి కొట్టుకుని ఆ సిమెంటు బల్ల దాకా పోయిందేమో. తన పేరు వినిపించి లేచి నిలబడిందేమో. ఆ పిలుపు దగ్గరవుతుందని చూస్తే ఇంకా దూరం పోయిందేమో.

పెద్దమ్మాయి మంచం అంచు మీద కూర్చుండిపోయింది. నలభై ఆరేళ్ళొచ్చినా అందరూ ఆమెని పెద్దమ్మాయి అనే పిలుస్తారు. చిన్నమ్మాయి లేని ఇంట్లో పెద్దమ్మాయి ఏమిటని ఎవరూ అడగరు. పిలిచేవాళ్ళు కూడా ఇప్పుడు తగ్గిపోయారు. నిజానికి రోజుకు నాలుగుసార్లు ఆ మాట అనే గొంతు ఒక్కటే మిగిలింది. అది కింద వంటింట్లో ఉంది. దాని మీదే తను తలుపు వేసి వచ్చింది.

ఎండ నేల మీంచి గోడ మీదికి ఎక్కింది. ఐదవుతోంది. పెద్దమ్మాయి లేచింది. క్షమించానని చెప్పడానికి కాదు, అంత దూరం ఇంకా రాలేదు. టీ పెట్టనా పిన్నీ అని అడగడానికి. ఆ ఒక్క మాట చాలు, తర్వాతది తర్వాత.

వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది. తొక్క తీసిన దుంపలు నీళ్ళలో మునిగి ఉన్నాయి. స్టవ్ చల్లగా ఉంది. పీట మీద ఏప్రన్ చదరంగా మడతపెట్టి ఉంది. పిన్ని ఏప్రన్ మడతపెట్టగా పెద్దమ్మాయి ఎప్పుడూ చూడలేదు. ఆమె దాన్ని విప్పి మేకుకు విసిరే మనిషి.

"పిన్నీ?"

గోడకి ఆనించి ఉండాల్సిన చేతికర్ర లేదు.

పెద్దమ్మాయి ముందు గదిలోకి పరిగెత్తింది. పలక కింద వరసలో గరిటె బొమ్మ కొక్కెం ఖాళీగా ఉంది. నాన్న ఆ బిళ్ళ చెక్కి ఇచ్చిన రోజు నుంచీ, పిన్ని కంగారుగా ఒడ్డుకు వెళ్ళిన ఆ సాయంత్రం కూడా, అది ఆ కొక్కెం మీదే ఉంది. నా బిళ్ళకి ప్రయాణ యోగం లేదే అని పిన్ని నవ్వేది. ఇప్పుడది సముద్రం మేకుకు వేలాడుతోంది, నాలుగో నంబరు మీద. గాలికి కొంచెం ఊగుతోంది.

పిట్ట బిళ్ళ అక్కడ లేదు. ఎడమ పక్కన, అడవి మేకుకు ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత పిన్ని దాన్ని తీసిన చోటే పెట్టింది.

ముందు తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. అంటే పిన్ని వెనక తలుపు నుంచి వెళ్ళింది. వెనక మెట్టు దిగితే రెండు దారులు. ఇల్లు చుట్టి ఇసకలోకి ఒకటి, తిన్నగా చెట్లలోకి ఒకటి.

బిళ్ళ సముద్రం అంటోంది. ఇందాక పిన్ని అన్న మాట కూడా సముద్రమే. కానీ ఆ చెయ్యి ఒకసారి ఈ పలక మీద అబద్ధం పెట్టింది. వెనకాల ఎవరూ రాకూడదనుకుంటే ఏ మేకుకు తగిలించాలో ఆ చేతికి తెలుసు.

పెద్దమ్మాయి వంటింట్లోకి తిరిగొచ్చి కిటికీ గూడు తడిమింది. పిన్నికి రెండు కళ్ళజోళ్ళు. దగ్గర చూపుది గూట్లోనే ఉంది. దూరపు చూపుది, ముసలిదాన్నైపోయినట్టుంటుందని చచ్చినా పెట్టుకోనిది, లేదు. సముద్రం కనపడటానికి కళ్ళజోడు అక్కర్లేదు. బస్సు నుదుటి మీద బోర్డు చదవాలంటే కావాలి.

అప్పుడే వంతెన వైపు నుంచి హారన్ వినిపించింది. పొడుగ్గా, ఒక్కటే.

పావుగంట.

తను తప్పితే? అడవిలోకి పరిగెత్తాక పిన్ని నీళ్ళలో ఉంటే? ఇరవై ఐదు నిమిషాల దారి పావుగంటలో పోవాలంటే నిలబడి ఆలోచించడానికి నిమిషం లేదు. పెద్దమ్మాయి ముందు గదిలోకి వచ్చి లాంతరు బిళ్ళ తీసింది. పిట్ట పక్కన, అడవి మేకుకు తగిలించింది. వెనక తలుపు తోసుకుని, చెప్పులు కూడా వెతక్కుండా ఎర్రమట్టి బాటన పరిగెత్తింది.

మొదటి చెట్లు దాటింది. బాట మీద కర్ర పొడిచిన గుంటలు ఉన్నాయి, చిన్నచిన్నవి, మూరకొకటి. కొత్తవో నిన్నటివో తెలియలేదు. అతిథుల్లో కర్ర పట్టుకుని నడిచేవాళ్ళు ఎందరో. ఆమె వంగి చూడలేదు. ఈసారి ఆ బల్ల దగ్గరికి ఎవరో ఒకరు వెళ్ళాలి. ఎవరు కూర్చుని ఉన్నా సరే, వెనకాల ఒకరు రావాలి.

మలుపు తిరగబోతుండగా గాలి విసురుగా వచ్చింది, ఇంటి మీదుగా, సముద్రం వైపు నుంచి. ఆ గాలిలో ఒక అరుపు ఉంది.

కండక్టరు గారి గొంతు. ముప్ఫై ఏళ్ళు బస్సు ఆఖరి సీటు దాకా వినిపించిన గొంతు. మాటలు చెట్లలో చెదిరిపోతున్నాయి. పిలుస్తున్నాడని మాత్రం తెలుస్తోంది. ఆమెనే పిలుస్తున్నాడు.

"అమ్మగారూ! అమ్మగారూ!"

పెద్దమ్మాయి ఒక కాలు ముందుకు వేసి, రెండో కాలు కదపలేక, ఆ ఎర్రమట్టి బాట మధ్యలో ఆగిపోయింది.